కదలని చుక్క

ఫరీజ్ అబ్దుల్ అజీజ్, దోహా.
సెప్టెంబర్ నెల, శుక్రవారం.

జీవరత్నం సారుకు,

నా పేరు నర్సవ్వ. మాది జగిత్యాల దిక్కు. నాకు సదువు రాదు. ఇది రాస్తున్నది నీ మరదలు సుసన్న. మాట నాది, చెయ్యి ఆమెది. ఆమె మీద కోపం చెయ్యకు. చర్చి నుంచి వచ్చి బువ్వ సుత తినకుండ నా ముంగట కూసున్నది. ఫోన్ చెయ్యమన్నవట. ఫోన్ల మాట్లాడిన మాట రేపు నేను అనలే అంటరు. నాకు కాయితం మీద కావాలె. మీ జాగల ఫోన్లు నడువనియ్యరు గదా, నీళ్ళ ట్యాంకర్ నడిపే షోయబ్ ఇది తెచ్చిస్తడు. జవాబు ఆయన చేతికే ఇయ్యి.

నేను ఈ గల్లీల ఒక అరబ్బోళ్ళ ఇంట్ల వంట చేస్త. నేను వచ్చినప్పుడు ఆ ఇంటి పిల్లలు నా కొంగు పట్టుకోని తిరిగేటోళ్ళు, ఇప్పుడు వాళ్ళ పిల్లలు తిరుగుతున్నరు. నా తమ్ముని కొడుకు తిరుమల్‌ను నేనే ఈడికి పిలిపించిన. తమ్ముడు లేడు. వాని కోసం అడిగేటందుకు నేనే ఉన్న. మీ ఎడారి జాగల తీగలకు కందకాలు తవ్వే కంపెనీల వాని పని. మీ డిష్‌లను గొడుగులు అనేటోడు. "అత్తమ్మా, గొడుగులన్నీ వెల్లకిల తిప్పి పెట్టిండ్రు, ఒక్కదాని కింద నీడ లేదు" అని నవ్వేటోడు.

జులైల దుమ్ముగాలి లేసిన దినం నుంచి వాడు లేడు. సాయంత్రం బస్సు ఎక్కలే. కంపెనోళ్ళు పారిపోయిండని కేసు రాయించిండ్రు. పోతపోత వాకీటాకీ ఎత్కపోయిండని దొంగతనం సుత అంటగట్టిండ్రు. ఆఫీసుకు పోయి అడిగితె మాఫీ, మాఫీ, అంటె లేడు లేడు అని ఈగను కొట్టినట్టు చెయ్యి ఊపిండ్రు. సారూ, వాడు కుక్కను చూస్తె రోడ్డు అవుతలికి దాటేటోడు. అసొంటోడు ఒక్కడే ఎడారిల పారిపోతడా? ఆగస్టుల ఇంటికి పోయే టికెట్ ఉన్నది. బ్యాగు సర్ది మంచం కింద పెట్టుకున్నడు. పారిపోయేటోడు బ్యాగు విడిచిపెట్టి, మట్టి బట్టలతోని పోతడా?

మీ గొడుగులు సుక్కల కాడి నుంచి వచ్చేది సుత వింటయట. అంత దూరంది విన్నోళ్ళు, మీ కాళ్ళ కాడి మనిషి పిలిస్తె ఎందుకు వినలే? దీనికి జవాబు రాయి. కింద నా బొటనవేలు ముద్ర ఏసిన.

నర్సవ్వ


పరిశీలన కేంద్రం, అల్ ఖోర్ పడమటి ఎడారి.
సెప్టెంబర్ నెలాఖరు.

నర్సవ్వ గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. తిరుమల్ సంగతి చదివి చాలా బాధ కలిగింది. మా ఆవిడ తెరెసా, నేను రోజూ ప్రార్థనలో అతని పేరు తలుస్తున్నాం. అయితే పనివాళ్ళ విషయాలు కాంట్రాక్టు కంపెనీవి, మా కేంద్రానివి కాదండి. నేను ఇక్కడ కంప్యూటర్ల దగ్గర పనిచేసే ఉద్యోగిని మాత్రమే.

మీరు అడిగారు కాబట్టి చెబుతాను. మా డిష్‌లు చప్పుడు వినవు. రేడియోకి అందే తరంగాల్లాంటివి పట్టుకుంటాయి. ఏ డిష్‌కీ ఒంటరిగా సన్నటి బొమ్మ తీయడం చేతకాదు. ఒకే తరంగం ఒక డిష్‌కి ముందు, ఇంకోదానికి రవ్వంత వెనక చేరుతుంది. ఆ తేడాని జత జతకీ లెక్క కట్టి, అన్నీ కలిపితే ఆకాశంలో ఎక్కడ ఏముందో బొమ్మ కడుతుంది. భూమి తిరుగుతూ ఉంటుంది గనక నక్షత్రాల తేడాలు మారుతూ పోతాయి. మారకుండా నిలిచిపోయినవి ఆకాశానివి కావు. రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంట్ల యంత్రాలు, మోటార్లు, మనుషుల ఫోన్లు, అలాంటివి. వాటిని కంప్యూటరే గుర్తుపట్టి తీసేస్తుంది. తీయకపోతే బొమ్మ నిండా మరకలే.

జులైలో కట్టిన బొమ్మ ఒకటి పంపుతున్నాను. చాలా దూరాన ఉన్న నక్షత్రాల గుంపు అది. మా కేంద్రంలో ఇంత శుభ్రమైన బొమ్మ ఇంతవరకు రాలేదు. చూస్తే మీ మనసు కొంచెం తేలికపడుతుందేమోనని.

ధైర్యంగా ఉండండి.

జీవరత్నం


ఫరీజ్ అబ్దుల్ అజీజ్, దోహా.
అక్టోబర్ నెల.

జీవరత్నం,

సారు అని రాయబోతుంటె సుసన్న చెయ్యి పట్టి ఆపిన.

నీ బొమ్మ వచ్చింది. మా ఇంటామె గోడకు పెట్టుకుంట అన్నది, ఇయ్యలే. పిలగాడు మాయమైన నెలల బొమ్మ మంచిగొచ్చిందని నాకే పంపినవు. నీకు సోయి ఉన్నదా? సుసన్న ఈ మాట రాయనంటున్నది. రాయి సుసన్నా. మీ బావకు తగలాలె.

మీ ప్రార్థన మీ దయ. నేను అడిగింది అది కాదు.

నువ్వే రాసినవు. కదిలేది ఆకాశానిది, కదలంది మనది, మనదాన్ని తీసేస్తం అని. నా తిరుమల్ చేతుల వాకీటాకీ ఉన్నది. దొంగతనం పెట్టినోళ్ళే ఆ సాక్ష్యం ఇచ్చిండ్రు. ఆపదల ఉన్నోడు దాన్ని నొక్కకుంట ఉంటడా? నొక్కితె మీ కంప్యూటర్ ఏం చేసి ఉంటది? మరక అనుకోని తుడిసి ఉంటది. ఆ తుడిసినయన్నీ యాడ పోసిండ్రు? బియ్యంల రాళ్ళు ఏరితె, ఏరిన రాళ్ళు యాడన్న ఒక కుప్ప పడతయి గదా. నాకు నీ సుక్కలు అక్కరలేదు. ఆ రాళ్ళ కుప్పల ఎతుకు.

నాది కాదు, కంపెనీది అన్నవు. మంచిది. వాకీటాకీ కంపెనీది, గొడుగులు మీయి, పిలగాడు నావోడు. ఎవలది వాళ్ళు ఎతుక్కుందాం. నువ్వు మొదలువెట్టు.

నర్సవ్వ


పరిశీలన కేంద్రం.
నవంబర్ నెల.

నర్సవ్వ గారికి,

మీ కోపం న్యాయమే. ఆ బొమ్మ పంపడం నా తెలివితక్కువతనం.

తీసేసినవి వెంటనే పారేయమండి. అసలు రికార్డుని ఆరు నెలలు దాచి, ఆ తర్వాత చోటు చాలక చెరిపేస్తారు. జులై రికార్డు జనవరిలో పోతుంది. అందుకని డ్యూటీ దిగాక కూర్చుని వెతికాను. ఇక్కడ ఫోన్లకి బదులు పనివాళ్ళకిచ్చే వాకీటాకీలు ఏ తరంగాల వరుసలో మాట్లాడతాయో నాకు తెలుసు. దుమ్ముగాలి వచ్చిన సాయంత్రం నుంచి ఆ వరుసలో ఏదో ఉంది. చాలా సన్నగా ఉంది. పక్కనే నిలబడ్డ మనిషి చేతిలో ఇంకో వాకీటాకీ ఉన్నా దానికి అందదు, మా డిష్‌లకి మాత్రమే అందుతుంది. ముందు తెంపులు తెంపులుగా, ఎవరో మాట్లాడి ఆగి మళ్ళీ మాట్లాడినట్టు ఉంది. తర్వాత ఆగకుండా ఒకే గీతలా సాగింది. ఆ తర్వాత లేదు.

ఆకాశానికి కట్టే లెక్కని దగ్గరున్న నేలకి తిప్పి కట్టాను. మొదట బొమ్మంతా మరకలూ వలయాలే. అన్నిటికన్నా వెలుగ్గా ఉన్న చోటు పట్టుకుని, దాని వల్ల పుట్టిన వలయాలను తీసేస్తూ, మళ్ళీ వెతికి మళ్ళీ తీసేస్తూ పోతే చివరికి ఒక్క తెల్ల చుక్క మిగిలింది. అచ్చు వేసి పంపుతున్నాను. చుట్టూ ఇంకా పల్చగా కనిపించే వలయాలు నిజంగా అక్కడ ఉన్నవి కావు. మా డిష్‌ల మధ్య ఖాళీలు ఎక్కువ కావడం వల్ల వచ్చేవి. మరి చుక్క నిజమేనా అని మీరు అడుగుతారని తెలుసు. ఒక్కో డిష్‌నీ లెక్కలోంచి తప్పించి మళ్ళీ కట్టి చూశాను. వలయాలు చోటు మారాయి. చుక్క కదలలేదు.

ఇంకా సరిచూసుకోవలసినవి ఉన్నాయి. దయచేసి అప్పటిదాకా ఎవరితోనూ అనకండి.

జీవరత్నం


ఫరీజ్ అబ్దుల్ అజీజ్, దోహా.
నవంబర్ నెలాఖరు.

జీవరత్నం కొడుకా,

నీ నల్లకాయితం వచ్చింది. నడుమ బియ్యపుగింజంత తెలుపు. దాన్నే చూసుకుంట పొయ్యి మీద పాలు పొంగిచ్చిన. మా ఇంటామె వచ్చి నా మొఖం చూసింది, తానే పొయ్యి తుడుసుకున్నది.

అయితె కొడుకా, లేని వలయాల గురించి అంత రాసినవు, ఉన్న సుక్క యాడున్నదో ఒక్క మాట రాయలే. నాకు అచ్చరాలు రావు గని, మనిషి మింగిన మాట తెలుస్తది.

అందుకే నేను పోయిన. ఇంటి డ్రైవర్‌ను పట్టుకోని అల్ ఖోర్ క్యాంపుకు పోయిన. ఈరన్న అని, తిరుమల్ పక్క మంచం వానిది. నన్ను చూసి స్నానాల గదిల దాసుకున్నడు. తలుపు ముంగట కుర్చీ ఏసుకోని కూసున్న. "అవ్వా, నాకు డ్యూటీ ఉన్నది" అంటడు లోపట్నుంచి. "నాకు లేదురా, నేను కూసుంట" అన్న. "అవ్వా, బస్సు పోతది." "పోనియ్యి, ఇంకో బస్సు వస్తది. తిరుమల్ ఎక్కని బస్సులు ఎన్ని పోలేదు?" అప్పుడు బయటికి వచ్చి నా కాళ్ళ మీద పడ్డడు.

వాడు చెప్పింది ఇను. ఎండకాలం పగటిపూట పని ఆపుతరు గదా. అప్పుడు వీళ్ళకు ఇచ్చిన రేకుల షెడ్డు పెనం లెక్క కాలుతది. ముందు ముందు పెట్టే గొడుగుల కోసం కట్టిన ఖాళీ గుంతలు ఉన్నయట, ఇనుప గోడలు, ఇనుప మూతలు. అండ్లకు దిగి పండుకుంటరు. భూమి లోపల సల్లగ ఉంటది. మేస్త్రికి తెలిస్తె జీతం కోత, అందుకే ఎవ్వడు నోరు తెరువడు. ఆ దినం దుమ్ము లేసింది. గుంతలల్ల ఇసుక పడతదని మేస్త్రి ఉరికిచ్చి మూతలన్నీ వేయించిండు. యల్లా యల్లా అని అందరిని బస్సులల్ల కుక్కిండ్రు. తిరుమల్ యాడ అంటె, ముందటి బస్సుల పోయిండేమో అనుకున్నరట. తెల్లారి చెప్పుదామంటె, గుంతలల్ల పండుకుంటున్నరా అని అందరికి కోత పడతది. కేసు పెట్టినంక చెప్పుదామంటె, ఇన్ని దినాలు ఎందుకు చెప్పలే అంటరు. అంత మంది మొగోళ్ళు జీవరత్నం, ఒక్కని నోట్లె నాలుక లేదు.

నీ సుక్క గుంత మీద ఉన్నదా, లేదా? ఉన్నది అను, లేదు అను. వేరే మాట రాయకు.

నర్సవ్వ


పరిశీలన కేంద్రం.
డిసెంబర్ నెల.

నర్సవ్వ గారికి,

ఉంది.

వరుసలో చివరి గుంత మీద ఉంది. పోయిన ఉత్తరం రాసేటప్పటికే నాకు తెలుసు. రాయడానికి చెయ్యి రాలేదు.

మిగతాది కూడా మీకు తెలియాలి. ఆ గుంతలని మా యంత్రాల రేడియో తరంగాలు బయటికి పొక్కకుండా ఇనుముతో కట్టారు. మూత పడ్డాక లోపల ఎంత పిలిచినా బయటికి ఏదీ రాదు, మూత అంచున వెంట్రుకంత సందు మిగిలితే తప్ప. తిరుమల్ పిలుపు ఆ సందులోంచి మా డిష్‌లకి చేరింది. తెంపులుగా వచ్చినంతసేపు, ఎవరో దారిన పోతూ మాట్లాడుతున్నారు అనుకుని కంప్యూటర్ తీసేసి ఊరుకుంది. ఆగకుండా వచ్చేసరికి, ఇది మనిషి కాదు, ఏదో యంత్రం నుంచి పొక్కుతోంది అని తేల్చుకుంది. అలా తేలితే దానంతట అదే మరమ్మతు ముఠాకి కబురు పంపుతుంది. వాళ్ళు వచ్చి మూత అంచు చుట్టూ రాగి పట్టీ వేసి, పైన రెండో మూత బోల్టులతో బిగించి వెళ్ళారు. ఖాళీ గుంతలో మనిషి ఉన్నాడేమో చూడాలని ఏ నియమంలోనూ లేదు. చెవులకి మిషన్ల హోరు పడకుండా డిప్పలు పెట్టుకుని చేసే పని అది. వాళ్ళు బిగించాక మా బొమ్మలు శుభ్రంగా వచ్చాయి.

ఇక్కడి నిర్వహణ చూసే సుధాకరరావు గారికి చెప్పాను. ఇప్పుడు మూత తీస్తే నడుస్తున్న పరిశీలన పాడవుతుంది, జనవరి ఆఖరున అది ముగిశాక చూద్దాం అన్నారు. అప్పటికి జులై రికార్డు చెరిగిపోతుంది కదండీ అన్నాను. "చుక్కని చూసి గుంతలు విప్పుకుంటూ పోతామా జీవరత్నం? పిల్లలు గలవాడివి" అన్నారు. అది సలహాయో బెదిరింపో నాకు అర్థం కాలేదు. మా నలుగురి వీసా ఈ ఉద్యోగం మీదే ఉంది.

నాకు కొంచెం సమయం ఇవ్వండి.

జీవరత్నం


ఫరీజ్ అబ్దుల్ అజీజ్, దోహా.
డిసెంబర్ నెలాఖరు.

జీవరత్నం,

సమయం ఇయ్యను.

నీ ఉత్తరం సుసన్న సదువుకుంట నడుమ ఆగింది. ఎందుకు ఆగినవంటె ఏం లేదన్నది. మల్ల మొదటి నుంచి సదివిచ్చుకున్న. నేను ఏడ్వలే. ఏడ్సేటందుకు ఇంక వానిని నాకు ఎవ్వలు ఇయ్యలే.

పిల్లలు గలవాడివి అన్నడా ఆయన? తిరుమల్‌కు ఒక బిడ్డ ఉన్నది. ఫోన్ మోగితె చాలు, నాయినా అని ఉరికొస్తది. దాని తల్లి పుష్పకు నేను ఏం చెప్పాలె? బొట్టు ఉంచుకో అనాల్నా, తీసెయ్ అనాల్నా? పారిపోయిండని కేసు పడ్డప్పటి సంది ఊళ్ళె ఆమె ముంగట్నే అంటున్నరట, నీ మొగడు దుబాయ్‌ల ఎవతినో పెట్టుకున్నడని. ఆమె నల్లా కాడికి పోవుడు సుత బంద్ చేసింది. నాకు కావాల్సింది ఇది. వాడు యాడున్నడో అందరు చూడాలె. వాడు పారిపోలే అని అదే కంపెనీ నోటితోని చెప్పాలె.

సుధాకరరావుది మా కరీంనగర్ దిక్కేనట. ఆయనకు ఈ ముక్క సదివి వినిపియ్యి. దొరా, నీ సుక్కలు వచ్చే ఏడు సుత ఆన్నే ఉంటయి, యాడికి పోవు. మూత నువ్వు తీయించకుంటె నేను తీస్త.

వచ్చే గురువారం షోయబ్ ట్యాంకర్ల ఎక్కి వస్తున్న. వద్దు వద్దంటడు. ముసలిదాన్ని ఎక్కించుకుంటె నీ నీళ్ళు ఒలుకుతయారా అన్న. ఇంట్ల గోధుమలు, మాంసం దంచే కట్టె రోకలి ఉన్నది, అది తెస్త. మూత మీద కొడుత. నువ్వు ఆన్నే పానా పట్టుకోని నిలవడతవో, కంప్యూటర్ వెనుక దాసుకుంటవో నీ ఇష్టం.

నీ పెండ్లాం మంచిదని సుసన్న చెప్పింది. ఈ ఉత్తరం ఆమెకు సదివి చూపియ్యి. ఒక్క ముక్క మింగకు.

నర్సవ్వ


అల్ ఖోర్.
జనవరి నెల.

నర్సవ్వ గారూ,

మీ ఉత్తరం తెరెసాకి చదివాను. అంతా విని, "గురువారం దాకా ఆగకండి. ఆవిడ చేత రోకలి ఎత్తించకండి" అంది.

బుధవారం ఉదయమే వెళ్ళాను. షోయబ్ వచ్చాడు, మరమ్మతు ముఠాలో ఒకతను వచ్చాడు. ఎందుకో చెప్పగానే అతను పానాలు తీసుకుని నాకన్నా ముందు నడిచాడు. ఎవరి అనుమతీ అడగలేదు. పై మూత తీశాం, రాగి పట్టీ చీల్చాం, కింది మూత తీశాం.

తిరుమల్ ఉన్నాడమ్మా. నిచ్చెన మొదట్లో, మూతకి సరిగ్గా కింద, గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఈ ఉత్తరం చేరేసరికి పోలీసులు మీకు చెప్పి ఉంటారు. వాళ్ళు చెప్పనిది ఒకటి నేను చెప్పాలి.

అతను నడుముకున్న మొలతాడు తెంపి, వాకీటాకీ మీట నొక్కినట్టే ఉండేలా దాని చుట్టూ బిగించి కట్టాడు. చేతిలో ఓపిక లేకపోయినా పిలుపు ఆగకూడదని కట్టి ఉంటాడు. నాకు గీతలా కనిపించింది అదే. నోటితో పిలిచినంతసేపు మా కంప్యూటర్‌కి అతను ఎవరో దారిన పోయే మనిషి. తాడు కట్టాక యంత్రం. రెండో మూత పడేటప్పటికి ప్రాణం ఉందో లేదో ఆ గీత చెప్పదు. నేను మళ్ళీ మళ్ళీ చూశాను. చెప్పదు.

జులై రికార్డు నకలు చెరిగిపోకముందే పోలీసుల చేతికిచ్చాను. నన్ను డ్యూటీ నుంచి ఆపేశారు. పారిపోయిన కేసు వెనక్కి తీసుకుంటామని, 'ప్రమాదం' అని రాసిన కాగితం మీ వేలిముద్ర కోసం పంపుతామని కంపెనీ వాళ్ళు అంటున్నారు. వేయమనీ వద్దనీ నేను చెప్పలేను.

జీవరత్నం


ఫరీజ్ అబ్దుల్ అజీజ్, దోహా.
జనవరి నెలాఖరు.

జీవరత్నం కొడుకా,

కాయితం తెచ్చిండ్రు. తెచ్చినాయన కోటు ఏసుకోని సోఫాల కూసోని చాయ్ అడిగిండు. మంచినీళ్ళిచ్చి పంపిన. వేలిముద్ర వెయ్యలే. ప్రమాదం అంటె ఎవ్వలూ చెయ్యంది. దీన్ని చేసినోళ్ళు ఉన్నరు. చూడకుంట మూత వేయించినోడు ఉన్నడు. చూడకుంట రెండోది బిగించినోళ్ళు ఉన్నరు. ఆగకుంట పిలిచేది మనిషి కాదని కంప్యూటర్‌కు నేర్పినోళ్ళు ఉన్నరు. నోరు మూసుకున్నోళ్ళు ఉన్నరు. అందరిని పోలీసు కేసుల రాయించిన. కోర్టుల నేనే నిలవడత. అరబ్బీ మాట్లాడ వస్తది నాకు, తిట్టుడు ఇంకా మంచిగ వస్తది.

వానిని ఇంటికి తోలినంక పుష్పకు ఫోన్ చేసిన. నీ మొగడు పారిపోలే బిడ్డా అన్న. ఏడ్సింది. ఆగి, "అత్తా, గా మాట ఇంకోసారి అను" అన్నది. ఫోన్ పెద్దగ పెట్టి, ఇంటి ముంగట కూసున్నోళ్ళకు వినవడేటట్టు బయటికి తెచ్చింది. మల్ల అన్న. గట్టిగ అన్న.

ఇగ ఇది అందుకు రాయిస్తలేను. మొన్న క్యాంపుకు పోయిన. తిరుమల్ పేరు మీద నలుగురికి అన్నం పెడదామని పోయిన. తిన్నరు, చేతులు కడుక్కున్నరు, ఈరన్న నా పక్కకు వచ్చి కూసున్నడు. మల్ల ఒక పేరు చెప్పిండు. ముత్యం. నిర్మల్ దిక్కు పిలగాడు. వేరే ముఠా. వాళ్ళు సుత గుంతలల్లనే పండుకునేటోళ్ళట. ఆగస్టుల పారిపోయిండని రాసిండ్రు. వాని బ్యాగు సుత స్టోర్ రూంల పడి ఉన్నది, నేను పోయి చూసిన. తాళం వేసి ఉన్నది.

ముత్యం దగ్గర వాకీటాకీ లేదు జీవరత్నం. వట్టి చేతులు. అంటె వానికి సుక్క లేదు. నువ్వు ఎన్ని లెక్కలు తిప్పి కట్టినా నీ బొమ్మల కనవడడు. వాని తల్లి నా నంబర్ ఎట్ల పట్టిందో పట్టింది. "అక్కా, మావోడు పారిపోయిండా?" అని అడుగుతున్నది. దినాం అడుగుతున్నది. నేను అవునంటలేను, కాదంటలేను.

గుంతలు ఇంకా వరుసగ ఉన్నయి, అన్నిటి మీద మూతలు ఉన్నయి. పోలీసులు ఒక్కదాన్ని చూసి పోయిండ్రు. నీ డ్యూటీ పోయిందంటివి. మంచిదే, నిన్ను భయపెట్టేటందుకు ఇగ వాళ్ళ కాడ ఏం మిగల్లే. ఏ గుంత యాడున్నదో పోలీసులకు తెల్వది, నీకు తెలుసు. వాళ్ళను తోలుకపో.

ఇది అందినంక జవాబు రాసుకుంట కూసోకు. మూతలన్నీ తీసినంక రాయి.

నర్సవ్వ